అవుట్‌బాక్స్‌లో పదకొండు అప్లికేషన్లు

జూన్ 12, సోమవారం

బెంగళూరు, చెన్నై కంపెనీలకు నేను పంపిన పదకొండు అప్లికేషన్లలో ఒక్కటీ ఇల్లు దాటలేదు. ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించిన ఈ రెండు నెలలూ అవుట్‌బాక్స్‌లోనే పడున్నాయి. వచ్చే మెయిల్ వస్తోంది కదా అని పంపినప్పుడల్లా తెర మీద వచ్చే ఎర్రర్ డబ్బాను చదవకుండానే మూసేసేదాన్ని. జవాబు రాకపోతే నేనే పనికిరాననుకున్నాను.

కనెక్షన్ ఇచ్చినాయన ఇవాళ వచ్చి తాపీగా చెప్పాడు.

"ఎవురో దొంగ మెయిళ్లు పంపిస్తాండారని మా ఇంటర్నెట్ కంపెనీవోళ్లు పొయ్యే మెయిళ్లను ఆపేసినారు మేడం. వచ్చేవి బాగనే వస్తాండాయి కదా?"

"మాకు చెప్పాల్సిన పన్లేదా అన్నా?"

"మీరు అడిగింటే చెప్పింటాం."

నాయనకైతే లోపల సంతోషమే. "పోనీలేమ్మా. రేణిగుంట స్కూలుకు రేపట్నించి టీచరుగా వస్తాదని మాటిచ్చినా కదా" అన్నాడు. ఆ మాటకు పోయిన వారం తలూపింది నేనే. ఎవరికీ అక్కర్లేనిదాన్నని నమ్మి ఊపాను.

పంపే ముందు ప్రతిసారీ అమ్మ మానిటర్‌కు కుంకుమ బొట్టు పెట్టేది. అది ఇంకా అలాగే ఉంది. రేపటి చీర అమ్మే ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టింది.

పదకొండులో ఎనిమిది అప్లికేషన్లకు గడువు దాటిపోయింది. మిగతా మూడూ ఫ్లాపీలో వేసుకున్నాను. స్కూలు దగ్గర నెట్ సెంటర్ ఏదైనా ఉందేమో...