పింగ్యావ్ కోటగోడ మీద మీ పేరు పిలిచారు

ఏమండీ,

నిన్ననే చైనా నుంచి ఫ్రిస్కోలో మన ఇంటికి తిరిగొచ్చాం. మీరు బుక్ చేసి వెళ్ళిపోయిన ట్రిప్పే. కాన్సిల్ చేద్దామంటే మన సింధు ఒప్పుకోలేదు. మీ బదులు తనే వచ్చింది.

దాతోంగ్‌లో కొండను తొలిచిన గుహల్లో మన ఇంటికన్నా ఎత్తైన బుద్ధుణ్ణి చూశాను. మీరైతే అమరావతి శిల్పాలతో పోల్చి గంటసేపు చెప్పేవారు. నేను ఒక ఫోటో తీసుకుని బస్సెక్కాను. ఏడుపూ రాలేదు, సంతోషమూ కలగలేదు.

పింగ్యావ్‌లో ఊరి చుట్టూ ఉన్న పాత కోటగోడ ఎక్కాక, అక్కడి గైడమ్మాయి లిస్టు చూస్తూ మీ పేరు పిలిచింది. ఆమె దగ్గరున్నది పాత లిస్టు. సింధు తల దించుకుంది.

"హి ఈజ్ నాట్ హియర్," అన్నాను నేను.

"ఓకే, వుయ్ విల్ వెయిట్," అంది ఆమె నవ్వుతూ. మీరు వెనకబడ్డారనుకుంది. మాతో వచ్చిన పద్దెనిమిది మందీ కిందున్న పెంకుటిళ్ళను చూస్తూ మీ కోసం ఆగారు.

"అమ్మా, నేను చెప్పనా?" అంది సింధు.

"వద్దులే. నేను చెప్తాను."

పది నిమిషాలు వాళ్ళతో పాటు నేనూ ఆగాను. తర్వాత గైడ్ దగ్గరికి వెళ్ళి, మీరు మార్చిలో చనిపోయారని చెప్పాను. ఆ రోజు మనవాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పింది సింధూనే. ఆ మాట నేను నోటితో అనడం అదే మొదటిసారి.

మీ
సుగుణ