కొత్త పోస్టాఫీసులో పాత చెయ్యి

జహీరాబాద్,
12-9-1981.

చి.సౌ. మనోరమకు సదాశివ ఆశీస్సులు. ఇక్కడ నేను, అమ్మ, కుండీలో నీ మల్లెచెట్టు, ముగ్గురం కులాసా. నీ కార్డు అందింది. అందులో నీ క్షేమం ఒక్క పంక్తి, మిగతాదంతా కోపం. "పోస్ట్‌మాస్టర్ ఉత్తరమే పెళ్లానికి అందకపోతే ఊళ్లోవాళ్ల ఉత్తరాల గతేమిటి" అని రాశావు. కార్డు కాబట్టి నాకంటే ముందు ఉత్తరాలు వేరుచేసే మా సార్టర్ జబ్బార్ చదివాడు. పగలంతా నా ముఖం చూసి నవ్వుతూనే ఉన్నాడు.

నీ కోపం న్యాయమే. అమ్మ కాలు విరిగిందని తెలిసినప్పుడు, "వరంగల్ ట్రైనింగ్ మానేసి రమ్మంటారా, ఉండమంటారా? సీటు ఒకసారి వదిలితే మళ్లీ ఇవ్వరు, మీ మాట కోసం చూస్తుంటాను" అని అడిగావు. జవాబు రాలేదు. ఇప్పుడు మళ్లీ అదే అడుగుతున్నావు, దసరాకు వచ్చి తిరిగి పోవాలా, పెట్టె బేడా సర్దుకుని వచ్చెయ్యాలా అని. చెబుతాను. ముందు ఉత్తరాల సంగతి చెప్పనివ్వు.

అమ్మ కాలి గురించి అడిగావు. కట్టు విప్పేశారు. మొన్న కర్ర పట్టుకుని వాకిలి దాకా నడిచి, పాలలో నీళ్లు కలిపావని పాలవాడితో పోట్లాడి వచ్చింది. బాగైందని నాకు అప్పుడు నమ్మకం కలిగింది. న్యాల్‌కల్ నుంచి వచ్చిన లక్ష్మమ్మ చిన్నమ్మ ఇంకా ఇక్కడే ఉంది, జొన్నరొట్టెలకు లోటు లేదు. నా బట్టలు నేనే ఉతుక్కుంటున్నాను. కాలర్ల గురించి మాత్రం అడగొద్దు.

మా గంజ్ పోస్టాఫీసును జూన్‌లో కొత్త బిల్డింగుకు మార్చామని తెలుసుగా. ఫ్యాను, వెలుతురు, అన్నీ బాగున్నాయి. కానీ మారిన వారం నుంచే ఒక తిప్పలు మొదలైంది. హైదరాబాద్ సంచిలో పోవలసిన ఉత్తరాలు పక్కనున్న మొగుడంపల్లి సంచిలో పోవడం. అక్కడివాళ్లు పాపం తిరిగి పంపేవాళ్లు, ఈలోపు రోజులు గడిచిపోయేవి. రోజూ జరిగితే ఏదో ఒకటి చెయ్యొచ్చు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, హమ్మయ్య అనుకుంటాం, మళ్లీ మొదలు. అల్లం వ్యాపారి రేవణసిద్ధప్ప కౌంటర్ దగ్గరికి వచ్చి, "నా అల్లం రేటు మొగుడంపల్లికి పంపితే ఎవలు కొంటరు సార్? ఆడ అందరు అల్లం పండిచ్చెటోళ్లే" అన్నాడు. నాకు తల కొట్టేసినట్లయింది.

ఉత్తరాలు వేసే అరల స్టాండు మీద ఊళ్ల పేర్లు పెద్దక్షరాలతో మళ్లీ రాశాను. లాభం లేదు. జబ్బార్ కళ్లు మసకబారాయేమోనని దవాఖానకు తీసుకుపోయి అద్దాలు ఇప్పించాను. తప్పులు అట్లాగే ఉన్నాయి గానీ, మర్నాడు వచ్చి, "మంచిగ కనవడ్తున్నది సార్. మా సర్వరీ బేగం గింత ముసల్ది ఎప్పుడయ్యిందో తెల్వనే లేదు" అన్నాడు. ఇంట్లో అనకు అన్నాను. అప్పటికే అనేశాడట.

చివరికి ఒక వారపు అంగడి రోజు తెలిసింది. బీదర్‌లో జబ్బార్ బిడ్డకు చూసిన సంబంధం ఏమైందని అడిగాను. నావైపు తిరిగి చెబుతున్నాడు, చెయ్యి మాత్రం ఆగలేదు. సికింద్రాబాద్ కవరు ఒకటి కుడి చివర అరలో పడింది. అది మొగుడంపల్లి అర. అనుమానం వచ్చింది. పెళ్లి విందుకు ఏం పెడతారని అడిగాను. బిర్యానీ దగ్గర మొదలుపెట్టి ఖుబానీకా మీఠా దాకా వచ్చేసరికి హైదరాబాద్ ఉత్తరాలన్నీ కుడి చివరనే పడ్డాయి.

సంగతేమిటంటే, కొత్త గుమ్మం ఇరుకు. స్టాండు పట్టక మా వడ్రంగి వడ్ల వీరన్న దాన్ని రెండు ముక్కలుగా విప్పి లోపల బిగించాడు. ఎడమ సగం కుడికి, కుడి సగం ఎడమకు వచ్చాయి. పేర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి కనుక ఎవరూ పట్టించుకోలేదు. పాత ఆఫీసులో కుడి చివరది హైదరాబాద్ అర. జబ్బార్ చదివి వేస్తే తప్పు పోదు. ఎవరైనా పలకరిస్తే మాత్రం చెయ్యి పాతచోటికి పోతుంది. అక్కడ అతను లోపలి గదిలో కూర్చునేవాడు, పలకరించే దిక్కు లేదు. ఇక్కడ కిటికీ పక్కన కూర్చున్నాడు, అంగడికి వచ్చినవాళ్లంతా సలాం చెబుతారు.

అతనికి చెబితే చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఏండ్ల సంది గట్లనే పోయిన చెయ్యి సార్. ఇప్పుడు నా మాట ఎట్ల ఇంటది?" అన్నాడు. వీరన్న గొణుక్కుంటూనే విప్పి సగాలు మార్చి బిగించాడు. ఆ తర్వాత ఒక్క ఉత్తరం దారి తప్పలేదు. "ఇగ మాట్లాడొచ్చా సార్" అని రోజూ అడుగుతున్నాడు జబ్బార్.

ఇప్పుడు అసలు సంగతి. నీకు అప్పుడే జవాబు రాశాను. "సీటు పోతే పోయింది, వెంటనే వచ్చెయ్" అని రాశాను. అది మొగుడంపల్లికి పోయి మళ్లీ నా బల్ల మీదికే వచ్చింది. తీసి, వరంగల్ ఉత్తరాలు కూడా పోయే హైదరాబాద్ కట్టలో వెయ్యాలి. వెయ్యలేకపోయాను. అప్పటికే చిన్నమ్మ వచ్చింది, అమ్మకు ఏ లోటూ లేదు. మరి నిన్నెందుకు రమ్మంటున్నాను?

సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని, మనోరమను రమ్మందామా అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నా కాలు ఇరిగితే దాని సదువెందుకు ఇరగాలెరా? నీకు తోస్తలేదని చెప్పు. నా కాలు మీద ఎందుకు పెడ్తవ్?" అంది.

పంపిన ఉత్తరం వెనక్కి తీసుకోవాలంటే అర్జీ పెట్టి ఫీజు కట్టాలి. అర్జీదారూ నేనే, మంజూరు చేసేదీ నేనే. తీసుకుని పొయ్యిలో వేశాను. ఆ రోజే ఉండమని రాయవలసింది. రాయడానికి కూర్చుంటే ప్రతిసారీ 'వచ్చెయ్' అనే వచ్చేది, అందుకే లేచిపోయేవాణ్ణి. నీకు జవాబు అందకపోవడంలో జబ్బార్ తప్పు కొంతే. మిగతాదంతా నాది.

నువ్వు లేని ఇల్లు నాకు బాగాలేదు మనోరమా. అయినా సీటు వదలొద్దు. అమ్మ మాట ఇదే, నా మాట కూడా ఇదే. దసరా సెలవులకు రా. పోయినసారి డ్యూటీ ఉందని చెప్పి బస్టాండుకు రాలేదు కదా, ఆ రోజు డ్యూటీ ఏమీ లేదు. నువ్వు పోతుంటే చూడలేక ఆఫీసులో తలుపు వేసుకుని కూర్చున్నాను. ఈసారి తిరిగి పోయేటప్పుడు నీ పెట్టె నేనే మోసుకొస్తాను. వరంగల్ బస్సులో కిటికీ సీటు పట్టి, నేనే కూర్చోబెట్టి పంపుతాను.

ఇట్లు,
నీ భర్త
సదాశివ