రొండిన దోపుకున్న అర కిలో

ప్రకాశం జిల్లా రాచర్ల మండలంలో కాపురం ఉంటూ సేద్యం మీద బతుకుతున్న, కీర్తిశేషులు మాలకొండయ్య భార్య శ్యామలమ్మ అనే నేను, అరవై ఎనిమిదేళ్ల వయసులో, మతి సరిగా ఉండి, మందుల మత్తు లేకుండా, నా ఇష్టపూర్తిగా రాసుకుంటున్న వీలునామా ఇది. ఎవరి బెదిరింపూ లేదని కూడా రాయాలట. నన్ను బెదిరించే మగవాడు ఈ మండలంలో తొమ్మిదేళ్లుగా లేడు కాబట్టి అదీ నిజమే. నా చదువు ఐదో తరగతి. చేతిరాత బాగుండదు, చదివేవాళ్లు ఓపిక పట్టాలి. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. నా తర్వాత దీన్ని అమలు జరపాల్సింది నా కూతురు అరుణ. కొడుక్కి ఎందుకు అప్పగించలేదో చదివితే వాడికే తెలుస్తుంది.

1. నేనుంటున్న ఇల్లు, దొడ్డి, మార్కాపురంలో ఉన్న విత్తనాల దుకాణం నా కొడుకు వెంకటేష్‌కు చెందాలి. వాళ్ల నాయన చేతి గడియారం కూడా వాడిదే. పదిహేనేళ్ల కింద ఆయన గిద్దలూరు నుంచి మోపెడ్ మీద వస్తుంటే, "అన్నా, ఒక్క మాట" అని పిలిచి ఆపి, వేటకొడవళ్లతో నరికారు. ఒంటి మీద పద్నాలుగు గాట్లు. గడియారం అప్పుడే ఆగింది. కుడిచేతి వేళ్లు మూడు కనిపించకపోతే మరునాడు నేనే పోయి కంపచెట్ల కింద వెతికి, కొంగులో మూటగట్టుకుని వచ్చి పూడ్చాను. నరికించింది ఎవరో తెలియదు. నరికింది మాత్రం మా దాయాది పిచ్చయ్య తమ్ముడు. గట్టు మీద వేసిన బోరు ఎవరిదన్నదే తగాదా. ఏడాది తిరక్కుండా మావాళ్లు ఆ తమ్ముణ్ణి ఆటోలోంచి లాగి, బండరాయితో తల పగలగొట్టి, రోడ్డు పక్కన పారేశారు. ఆ కబురు విన్న పూట నేను కడుపునిండా అన్నం తిన్నాను. అది దాచిపెట్టి మిగతావి రాస్తే ఈ కాగితానికి విలువ ఉండదు.

2. మా ఆడబిడ్డ పద్మమ్మ, మా ఆయన దినాలనాడు అడిగి తీసుకుపోయి తిరిగి ఇవ్వని రాగి అండా ఆమెకే రాసిస్తున్నాను. ఇప్పుడైనా అది చట్టప్రకారం ఆమెదవుతుంది. ఏడుస్తూనే అండాకు చిల్లు ఉందేమోనని తట్టి చూసుకున్న మనిషి ఆమె.

3. నా మెడలోవి, చేతులవి, గొర్రెలు పద్దెనిమిది అరుణకు. నా అడకత్తెర కూడా అరుణకే. చిన్నప్పుడు వక్క కత్తిరిస్తానని మారాం చేసి వేలు కోసుకుంటే నేను కొట్టాను. కోసుకున్న బిడ్డను కొట్టాను. దానికి ఆ దెబ్బ గుర్తుందో లేదో, నాకు ఉంది.

4. నా పేర లైసెన్సు ఉన్న రివాల్వరు గురించి.

దీన్ని మా ఆయన పోయాక కర్నూలులో ఒక దుకాణంలో నేనే ఎంచుకున్నాను. దుకాణదారు మొదట పెద్దది చూపించాడు. చేతికి బాగుంది, కానీ కిలో దాకా తూగింది. బరువైనదాన్ని నాలుగు రోజులు కట్టుకుని ఐదోరోజు ఇంట్లో పెట్టి పోతామని నాకు తెలుసు, మా ఆయన తోడుగా పట్టుకుపోయే కర్ర సంగతీ అట్లాగే అయింది, ఆయన్ను నరికిన రోజు అది ఇంట్లోనే ఉంది. రెండోది చిన్నదే గానీ వెనక కొక్కెం చీరకు తగులుకుంది. నేను సిగ్గు పడకుండా అక్కడే నేల మీద గొంతుక్కూర్చుని, చెనిక్కాయలు ఏరేటప్పుడు వంగినట్టు వంగి, లేచి, మళ్లీ కూర్చుని చూశాను. మూడోది అర కిలో. ఆకువక్క తిత్తి పక్కన రొండిన దోపి చీర సర్దుకుంటే ఏమీ కనపడలేదు. బిగువు కూడా తెలియలేదు.

"తేలికది చేతిలో ఎగురుతాదమ్మా, గుండు కూడా దూరం పోదు" అన్నాడు దుకాణదారు.

దూరం నుంచి మావైపు ఎవరూ చంపరని చెప్పాను. దగ్గరికొచ్చి, వరస పెట్టి పిలిచి చంపుతారు. అతను బిల్లు రాశాడు.

ఆ రోజు నుంచి స్నానానికి తప్ప నా అంతట నేను తీయలేదు. పెళ్లిళ్లకు, చావులకు, రేషన్ షాపుకు, మనవరాలి స్కూలుకు అన్నిటికీ అది నాతోనే వచ్చింది. ఎలక్షన్లప్పుడు లైసెన్సు ఉన్నవాళ్లంతా స్టేషన్‌లో అప్పజెప్పాలి కదా, ఆ నెలా నెలన్నర నడుము ఖాళీగా ఉండి నిద్ర పట్టేది కాదు. తేలికది కావాలని పట్టుబట్టి కొన్నాను. అది నా ఒంట్లో కలిసిపోయింది.

5. 2016 ఫిబ్రవరిలో కంభం సంతలో జరిగింది కోర్టులో ఒక రకంగా చెప్పాను. ఇప్పుడు జరిగినట్టు చెబుతున్నాను.

గొర్రెలు అమ్ముదామని మా జీతగాడు కృపాకర్‌ను వెంటబెట్టుకుని పోయాను. పట్టపగలు, జనం కిటకిటలాడుతున్నారు. పిచ్చయ్య ఎదురుగా వచ్చాడు. మూడు బారల దూరంలో ఆగి, "వదినా, ఇట్ల చూడు" అన్నాడు. అంటూ నడుము దగ్గర చెయ్యి పెట్టాడు. ఆ పిలుపు వినగానే నా చెయ్యి నన్ను అడగలేదు. మొదటి గుండు అతని అరచేతిలోంచి పోయింది. రెండోది రొమ్ములో దిగింది. మూడోది, అతను మోకాళ్ల మీద పడ్డాక, దగ్గరికి పోయి దవడ కింద పెట్టి కాల్చాను. మూడోదానికి భయం కారణం కాదు. నా మొగుడి వేళ్లు ఏరుకున్నదానికి కాల్చాను.

తర్వాత అతని చేతిలో ఉన్నది చూశాను. ఆకువక్క తిత్తి.

మావైపు పగ ఉన్న ఇళ్లవాళ్లు ఒకరి చేతి నీళ్లు ఒకరు తాగరు. పగ చాలించుకుందామనుకున్నవాడు పదిమంది చూస్తుండగా ఎదురొచ్చి, తన తిత్తి తానే విప్పి ఆకు ఇస్తాడు. తీసుకుని నోట్లో వేసుకుంటే తీరిపోయినట్టే, మళ్లీ పంచాయితీ ఉండదు. పిచ్చయ్య అందుకే వచ్చాడు. ఐదు తమలపాకులు, చెక్కవక్క, సున్నపు డబ్బీ, అన్నీ నెత్తుట్లో ఉన్నాయి. ఆ పెద్ద రివాల్వరు కొని ఉంటే చీరలోంచి లాగడానికి రెండు చేతులూ పట్టేవి. ఆలోపు అతని చెయ్యి పైకి వచ్చేది, ఆకు కనపడేది. తొమ్మిదేళ్లుగా ఇదే లెక్క వేసుకుంటున్నాను.

6. నేను ఆ తిత్తి తీసి నా రొండిన దోపుకున్నాను. కృపాకర్ తన కొడవలి పిచ్చయ్య చేతి పక్కన పడేశాడు. నేను చెప్పలేదు, కానీ నా మొహం చూసి చేశాడు కాబట్టి చెప్పినట్టే. గుండ్ల చప్పుడుకు జనం చెల్లాచెదురయ్యారు, చూసినవాళ్లు కూడా మా రెండిళ్ల పగకు జడిసి సాక్ష్యానికి రాలేదు. కోర్టులో ప్రమాణం చేసి, పిచ్చయ్య కొడవలితో మీదికి వచ్చినాడని చెప్పాడు. ప్రాణరక్షణ కోసం కాల్చానని తేల్చి నన్ను వదిలేశారు. రివాల్వరు కూడా తిరిగి ఇచ్చారు. ఇవ్వకుండా ఉంటే ఎంత బాగుండేదో.

కృపాకర్ ఆ ప్రమాణం చేసిన తర్వాత చర్చికి పోతున్నాడు గానీ, ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టె ముట్టలేదు, దొంగ ప్రమాణం చేసిన నోటితో దాన్ని తినకూడదట. అందరూ లేచి ముందుకు పోతుంటే బెంచీ మీదే తల వంచుకుని కూర్చుంటాడని అతని భార్య మణెమ్మ నాతో చెప్పి ఏడ్చింది. అతనికి రెండెకరాలు రాద్దామనుకున్నాను. సాక్షి సంతకం చేసేవాడికి ఆస్తి రాస్తే తర్వాత తగాదా వస్తుందని ఎవరో అన్నారట, "అయితే నాకు సంతకం చాలు" అన్నాడు.

7. పిచ్చయ్య భార్య సావిత్రమ్మకు ఆ తిత్తి చెందాలి. నేను ఉతకలేదు. ఆమె కొడుకు సురేష్ గిద్దలూరులో ఆటో నడుపుతాడు. ఆడమనిషి మీద కొడవలి ఎత్తినవాడి కొడుకని వాడికి రెండు సంబంధాలు తప్పిపోయాయి. అట్లా అన్నవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. నేను వింటూ వక్క నమిలాను. మీ నాయన మంచికి వచ్చినాడని వాడికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సినదాన్ని నేనే. తగాదా పడిన బోరు, దాని కింద నాలుగెకరాలు సురేష్‌కు రాస్తున్నాను. ఇది అతని నాయన ప్రాణానికి ధర కాదు. ఆ నీళ్లు ఇక మా ఇంటికి వద్దు.

8. రివాల్వరు వెంకటేష్ అడిగాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి, గడ్డం గీసుకునే అద్దం ముందు దాన్ని నడుముకు పెట్టుకుని చొక్కా కిందికి లాక్కుంటుంటే నేను చూశాను. సరిగ్గా నేను దుకాణంలో చూసుకున్నట్టే చూసుకుంటున్నాడు. ఒరే నాయనా, అది నీకు రాదు. ఈ ఉదయం స్టేషన్‌లో అప్పజెప్పి, లైసెన్సు రద్దు చేయమని అర్జీ రాసిచ్చాను. రసీదు దీనికి జతచేశాను.

9. నాకు ఏ విధంగా మరణం వచ్చినా, సురేష్ మీద గానీ సావిత్రమ్మ మీద గానీ నా వారసుల్లో ఎవరైనా చెయ్యి ఎత్తితే, మనిషిని పెట్టి ఎత్తించినా, సాక్ష్యం చెప్పి ఇరికించినా, వాళ్ల వాటా మొత్తం సావిత్రమ్మకు పోవాలి. వెంకటేష్, నువ్వు కోపిష్టివి. ఆ కోపం నా పాలతోనే వచ్చింది. నీ మీద నాకు ప్రేమ లేక ఈ షరతు పెట్టలేదు. నిన్ను పద్నాలుగు గాట్లతో చూడలేక పెట్టాను.

10. ఇంత తొందరగా ఎందుకు రాస్తున్నావని అరుణ ఫోన్లో అడిగింది, చెప్పలేదు. రేపు పొద్దున నేను సావిత్రమ్మ ఇంటికి పోతున్నాను. వాకిట్లో నిలబడి, వీధిలో వాళ్లందరికీ వినపడేటట్టు ఐదో అంశంలో రాసిందంతా చెబుతాను, మూడో గుండుతో సహా. ఆమె తిత్తి తీసుకుని నాకు ఆకు ఇస్తే నములుతాను. కొడవలి తీస్తే కూడా అది ఆమె ఇష్టం, ఆమె హక్కు. అప్పుడు ఆమె మీద గానీ సురేష్ మీద గానీ కేసు పెట్టవద్దని, నేను కోరే పోయానని ఈ కాగితమే సాక్ష్యంగా చూపాలి. నాకు భయంగా ఉంది. నడుము తేలిగ్గా ఉంది.

పైన రాసినదంతా నా చేత్తో రాసి, చదివించుకుని విని, ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

11 జూన్ 2025, బుధవారం, రాచర్ల.

(సంతకం) శ్యామలమ్మ

సాక్షులు:

(సంతకం) మగ్దలీనమ్మ, రిటైర్డ్ టీచర్. ఆమెకు చదివి వినిపించింది నేనే. రేపు అక్కడికి పోవద్దని రెండుసార్లు చెప్పాను.

(సంతకం) కృపాకర్, జీతగాడు. ఆరో అంశంలో నా గురించి రాసింది నిజం. రేపు నేను కూడా ఆ వాకిట్లో అమ్మ పక్కన నిలబడతాను.