పిక్క పట్టేసిన రోజు నువ్వడిగిన మాట

చెల్లీ సుజాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ సూర్యాపేట గ్రౌండ్‌లో ఖోఖో కోచ్‌లకు, వాలంటీర్లకు పిల్లల రక్షణ మీద ట్రైనింగ్ పెడితే వాలంటీరుగా వెళ్లాను. ముందు వరుసలో శాలువా కప్పుకుని మీ కాలేజీ జట్టు పాత కోచ్ సారే కూర్చున్నాడు.

ఆడపిల్లలకు కాలు పట్టేస్తే ఆడవాళ్లే, అందరి ఎదుట నొప్పి స్ప్రే కొట్టాలని ట్రైనింగ్ మేడం చెప్పింది. ఆయన నవ్వాడు.

"గింతదానికి గూడ రూలేంది మేడం? అందరు మా బిడ్డలే గదా!"

చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

కాలేజీలో ఉన్నప్పుడు కోదాడ పోటీల నుంచి వచ్చి నువ్వు నన్నడిగావు. "అక్కా, నాకు పట్టేసింది పిక్క. సార్ చెయ్యి పైకెందుకు రావాలె?"

"సార్ తండ్రిలాంటోడు. దేవునికి దండం పెట్టుకొని ఊకో" అన్నాను. నువ్వు మళ్లీ గ్రౌండ్‌కు పోలేదు. ఇవాళ ఆయన నవ్వు కంటే నా ఆ మాటే ఎక్కువ రోత పుట్టించింది.

లేచి, నీ ప్రశ్ననే ఆయన్ను అడిగాను. నవ్వులు ఆగిపోయాయి.

"ఎవలమ్మా నువ్వు?" అన్నాడు, శాలువా సర్దుకుంటూ.

నీ పేరు చెప్పి, అక్కనన్నాను. జరిగిందంతా రాసి మేడం చేతికిచ్చాను.

ఇంటికొచ్చి దేవుని ముందు దీపం పెట్టాను గాని దండం పెట్టబుద్ధి కాలేదు. ముందు నీకు చెప్పాలనిపించింది.

అక్క