క్లాసు మధ్యలో ఆరిపోయే లాప్‌టాప్

జనవరి 8, సోమవారం

కొత్త లాప్‌టాప్‌తో మొదటి క్లాసు. లిప్‌స్టిక్ కూడా వేసుకున్నాను. ఇక్కడ రాసుకోవచ్చు, ఎవరూ చదవరు.

క్లాసు ఎవేలియోది. బ్యూనస్ ఐరిస్‌లో ఉంటాడు, పాఠం ఆన్‌లైన్‌లో. యాభై దాటాయి, ఒంటరివాడు. వాళ్ళమ్మ దొమింగా మా పరాగ్వే మనిషే. కొడుకుతో జీవితమంతా స్పానిష్‌లోనే మాట్లాడింది. మా గువారానీ భాష వస్తే స్కూల్లో వెక్కిరిస్తారని భయపడిందట. ఇప్పుడు మతిమరుపు జబ్బు ముదిరి స్పానిష్ అంతా జారిపోయింది. చిన్నప్పటి గువారానీ ఒక్కటే మిగిలింది. కన్నతల్లి ఏమంటోందో అర్థం కాక, ఆ భాష నా దగ్గర నేర్చుకుంటున్నాడు.

సగం క్లాసు అయ్యేసరికి లాప్‌టాప్ కింద చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది. ఫ్యాన్ ఒకటే రొద. నేను తెరిచినవి పాఠం పేజీ, అతని ముఖం. అంతే. దీనికే ఇంత వేడా?

జనవరి 10, బుధవారం

ఆరిపోయింది. క్లాసు మధ్యలో, నేను నోరు తెరిచి ఉండగానే.

మా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు వెంటనే నా బదులు ఇంకో టీచర్ మిర్నాను కూర్చోబెట్టారు. సాయంత్రం అదే ఫోన్ చేసి, "మీ ఎవేలియో భలే మనిషే సెల్వా, నవ్వీ నవ్వీ నాకు పొట్ట నొప్పొచ్చింది" అంది.

నా దగ్గర అతను ఒక్కసారి కూడా నవ్వలేదు.

జనవరి 11, గురువారం

బల్ల మీద లేసు గుడ్డ తీసేశాను. గాలి ఆడాలని లాప్‌టాప్ కింద రెండు పుస్తకాలు పెట్టాను. అప్‌డేట్లన్నీ చేశాను. టేబుల్ ఫ్యాన్ దానివైపే తిప్పి నేను చెమటలో కూర్చున్నాను. మా అసున్సియోన్‌లో జనవరి అంటే నడివేసవి, ఆ ఎండ ఎలా ఉంటుందో దానికి తెలియదు కదా. కాసేపు చల్లగానే ఉంది. మళ్ళీ పెనం.

జనవరి 15, సోమవారం

షాపుకి తీసుకెళ్ళాను. అక్కడ గడ్డకట్టేంత ఏసీ. లాప్‌టాప్ బుద్ధిగా, చల్లగా, నన్ను అబద్ధాలకోరుని చేస్తూ కూర్చుంది. "దీనికేం మేడమ్, నిక్షేపంలా ఉంది. ఎండన పడి వచ్చారుగా, మీ చేతులే కాలుతున్నాయేమో చూసుకోండి" అన్నాడు షాపువాడు. వెనకాల ఎవరో నవ్వారు.

జనవరి 17, బుధవారం

ఈవేళ కూడా మిర్నాయే.

జనవరి 18, గురువారం

చెయ్యకూడని పని చేశాను. మిర్నా చెప్పిన క్లాసు రికార్డింగు ఫోన్లో పెట్టుకుని చూశాను. మొత్తం. కొన్ని చోట్ల రెండుసార్లు.

ఎర్ర బ్లౌజు వేసుకుంది. క్లాసుకి ఎర్ర బ్లౌజేమిటి? తప్పు పలికితే దిద్దదు, పకపకా నవ్వుతుంది. అతనూ నవ్వుతాడు. మళ్ళీ అదే తప్పు పలుకుతాడు, కావాలనే. నేనైతే గువారానీలో ముక్కుతో పలికే ఆ అచ్చు ఒక్కటి సరిగ్గా వచ్చేదాకా వదలను. గంటసేపు అతని ముక్కు గురించే మాట్లాడాను ఒకరోజు. ఛ.

అసలు దెబ్బ చివర్లో. "నీళ్ళు కావాలా" అని వాళ్ళమ్మని గువారానీలో అడిగాడట. ఆవిడ తలూపిందట. చెబుతుంటే మిర్నా కళ్ళు తుడుచుకుంది.

ఆ మాట నేర్పింది నేను. మూడు వారాలు పట్టింది. అది కోతకొచ్చిన రోజున ఎదురుగా ఉన్నది ఎర్ర బ్లౌజు.

జనవరి 19, శుక్రవారం

మిర్నా మెసేజ్: "మా ఆయన లాప్‌టాపూ ఇలాగే సతాయించింది. నేను వచ్చి చూడనా?"

బాగైపోయింది, థాంక్స్ అని పెట్టాను.

బాగవలేదు. దాని చెయ్యి నా లాప్‌టాప్ మీద పడటం ఇష్టం లేదు.

జనవరి 22, సోమవారం

క్లాసు నాకే ఇవ్వమని పట్టుబట్టాను. ఫ్రిజ్‌లోంచి ఐస్ ప్యాక్ తీసి, తువ్వాల్లో చుట్టి లాప్‌టాప్ కింద పెట్టాను. పిచ్చిదాన్ని.

ఎవేలియో మొహం వెలిగిపోతోంది. "టీచర్, మీకొకరిని చూపిస్తా" అని లేచి వెళ్ళి, వాళ్ళమ్మని నడిపించుకొచ్చి కూర్చోబెట్టాడు. గువ్వపిట్టంత మనిషి. జడ చక్కగా అల్లి ఉంది. అతనే అల్లాడు కాబోలు. గువారానీలో పలకరించాను. ఆవిడ ముందుకు వంగింది. నన్నే చూసింది. పెదవులు కదిలాయి.

స్క్రీన్ నల్లబడిపోయింది.

అదే రోజు, సాయంత్రం

ఎవేలియో ఫోన్ చేశాడు. నేను మాయమవగానే ఆవిడ బెంబేలెత్తిపోయిందట. స్క్రీన్ వెనక్కి తొంగిచూసి వెతికిందట. తర్వాత మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుందట. "మీ తప్పేముంది టీచర్" అన్నాడు.

నా తప్పే. శుక్రవారం మిర్నాను రానిచ్చి ఉంటే సరిపోయేది.

మిర్నాకి ఫోన్ చేశాను. అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. "రేపు పొద్దున్నే వస్తా. తెరెరే ఆకులోకి చల్లటి నీళ్ళు రెడీగా పెట్టు" అంది.

జనవరి 23, మంగళవారం

వచ్చింది. లాప్‌టాప్ తెరిచి, లోపల ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూసింది. యాంటీవైరస్‌లు రెండున్నాయి. ఒకటి లాప్‌టాప్‌తో వచ్చింది. రెండోది భయం కొద్దీ నేను వేసుకున్నది. రెండూ ప్రతి ఫైలునీ పట్టుకుని, ఒకటి చూసింది రెండోది మళ్ళీ చూస్తూ, పగలంతా అదే పని. నేను పాఠం పేజీ ఒక్కటే తెరిచానని అనుకుంటున్నాను.

నేను వేసినదాన్ని పీకేసింది. మా ఇద్దరి మధ్య తెరెరే గిన్నె రెండు చుట్లు తిరిగేసరికి ఫ్యాన్ రొద ఆగింది. చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చన, అంతే. ఇంత తెలిసినదానివి షాపు పెట్టుకోలేకపోయావా అన్నాను. నవ్వలేదు.

"అతని మీద నాకు కన్నుందనుకున్నావు కదూ?" అని అడిగేసింది.

గిన్నెలో ఇంకాసిన్ని నీళ్ళు పోసి దానికందించాను.

"నా మొగుడితోనే వేగలేక చస్తున్నానే తల్లీ! అయినా నీకో సంగతి చెప్పనా? ఏది చెప్పినా 'సెల్వా టీచర్ అలా పలకొద్దన్నారే' అంటాడు. ఏది చెప్పినా! నాకు ఒళ్ళు మండిపోయేది. అందుకే నవ్వించడం మొదలెట్టాను."

నాకు సంతోషంగా లేదని రాస్తే అబద్ధం.

జనవరి 31, బుధవారం

దొమింగా మళ్ళీ స్క్రీన్ ముందుకొచ్చింది. మిర్నా నా పక్కనే ఉంది. రమ్మన్నది నేనే.

ఆవిడ మా ఇద్దరినీ చూసింది. తర్వాత కొడుకువైపు తిరిగి, "నువ్వెవరబ్బాయివి నాయనా?" అని అడిగింది. ఆ మాట అతనికి ఇంకా నేర్పలేదు. అర్థం చెప్పాలని నోరు తెరిచాను. మిర్నా నా మోచెయ్యి పట్టుకుంది.

"నీ అబ్బాయినే అమ్మా" అన్నాడు. ఆ అచ్చుని ముక్కుతోనే పలికాడు.

"అలాగా! మరి, తిన్నావా?" అంది.

మా మైకు ఆపేశాను. అతను మళ్ళీ మావైపు చూడలేదు.