కరాచీకి పోని పసుపు

కడప, మార్చి 1953, రాత్రి.

పొద్దున పసుపు వర్తకుల సమావేశంలో అందరికంటే ముందు చేయెత్తింది నేనే. శత్రుదేశానికి ఒక్క కొమ్ము కూడా అమ్మకూడదని గట్టిగా మాట్లాడాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

సాయంత్రం గోదాముకు వెళ్లి, కరాచీ సరుకు కోసం కొమ్ములు ఏరుతున్న ఆడవాళ్లను రేపటి నుంచి రావద్దన్నాను. మిగతావాళ్లు వెళ్లిపోయారు. నాగమ్మ మాత్రం చేట పట్టుకుని అలాగే నిలబడింది. మొగుడు మంచాన పడ్డాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె కూలితోనే.

“ఆ కరాచీ యాడుండాదప్పా?”

“పాకిస్తాన్‌లో. బొంబాయి నుంచి ఓడలో పోవాల.”

“వాళ్లు గూడా కూరలో పసుపు ఏసుకుంటారా?”

“ఏసుకుంటారు. వాళ్లకు మన పసుపే కావాల.”

“మరి వద్దనింది ఎవురప్పా? వాళ్లా, మనమా?”

“వాళ్లే” అన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. నా పసుపు చెడిపోయే సరుకు కాదు, కొన్నాళ్లు ఆగి బొంబాయిలోనే అమ్ముకుంటాను. ఆమె రేపు ఏం వండుతుంది?

నాగమ్మ చేటను గోడకు ఆనించింది. “మా పిల్లోళ్ల నోటికాడి కూడు తీసినారు. వాళ్ల కొంపలు కూలిపోనూ!” అని కరాచీవాళ్లను తిట్టుకుంటూ వెళ్లిపోయింది.

ఆ తిట్టు తగలాల్సింది నాకేనని చెబుదామని వాకిలి దాకా వెళ్లాను. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, గోదాముకు తాళం వేశాను.