గడప దగ్గర ఆముదం

10 ఫిబ్రవరి 1986, సోమవారం

ఫ్యాను దగ్గర మళ్లీ యుద్ధం. వీరమ్మ స్విచ్ వేస్తుంది, పిల్లలకి ఉక్కపోస్తోందని. సైదాబీ ఆపుతుంది, జలుబు చేస్తుందని. ఆయాలిద్దరూ వయసులో నాకంటే చాలా పెద్ద. అయినా తీర్పు చెప్పమని నా మొహంకేసి చూస్తారు. కరెంటు పోయి నన్ను కాపాడింది.

గుంటూరు మిర్చి కంపెనీ వెనక షెడ్డు మాది. బోర్డు మీద క్రెష్ అని ఉంటుంది. బయట ఆడవాళ్లు కాయల తొడిమలు తీస్తుంటే వాళ్ల పిల్లలు ఇక్కడ మా ముగ్గురి నెత్తికెక్కి ఆడుతుంటారు. నేను ఇన్‌చార్జిని. చేరాక పెట్టిన రూల్ ఒక్కటే. లోపలికి ఎవరొచ్చినా గడప దగ్గర చేతులు చాచాలి. సైదాబీ స్టూలు మీద కూర్చుని ఆముదం రాస్తుంది, సున్నిపిండితో రుద్ది కడుగుతుంది. ఆ తర్వాతే బిడ్డని ఎత్తుకోవడం, పాలివ్వడం. కారం చేతులతో పసిబిడ్డని ముట్టుకుంటే ఇంకేమన్నా ఉందా!

12 ఫిబ్రవరి

ఓనరు గురునాథం గారు గడప బయటి నుంచే తొంగి చూసి వెళ్లారు. సాయంత్రం ఆఫీసుకి పిలిచారు. ఒకామె పిల్లల్ని చూస్తోంది సరే, రెండో ఆమె గడప దగ్గర కూర్చుని మాలిష్ చెయ్యడానికి జీతమెందుకమ్మా కనకలక్ష్మీ అన్నారు. మార్చి ఒకటి నుంచి ఒక్క ఆయానేనట. ఎవర్ని తీసేస్తావో నీ ఇష్టం అని నాకే వదిలేశారు. ఎంత దయో!

సరేనండి అని వచ్చేశాను. ఎందుకన్నానో నాకే తెలీదు. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

13 ఫిబ్రవరి

వాళ్లకి చెప్పలేదు. రేపు చెప్తాను.

14 ఫిబ్రవరి

రేపు చెప్తాను.

15 ఫిబ్రవరి, శనివారం

చెప్పక్కర్లేదు. గురునాథం గారిది మైకు గొంతు. ఆయన ఆఫీసులో మాట్లాడితే కాటా దగ్గర మనుషులకి వినిపిస్తుంది, వాళ్ల దగ్గర్నుంచి మా షెడ్డుకి ఎంతసేపు! ఇవాళ ఫ్యాను జోలికి ఎవరూ పోలేదు. ఒకరినొకరు ఏమండీ అని పిలుచుకుంటున్నారు. నాకు భయమేసింది.

17 ఫిబ్రవరి

వీళ్లకేమైంది? రోజూ నాకంటే ముందొచ్చే వీరమ్మ పది దాటాక వచ్చింది. అడిగితే, మెలకువ రాలేదు, ఏం చేసుకుంటారో చేసుకోండి అంది. సైదాబీ ఉగ్గు మాడబెట్టింది. స్టూలు మీద గోడకి ఆనుకుని కునుకు కూడా తీసింది. మళ్లీ ఉగ్గు కాచి నేనే తినిపించాను. సగం నా చీర తింది.

ఇద్దర్నీ కలిపి కడిగేశాను. వింతేమిటంటే, నేను తిడుతుంటే ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

18 ఫిబ్రవరి

మధ్యాహ్నం వీరమ్మ స్టోరు రూములోకి వచ్చి తలుపు దగ్గరికేసింది. మేడమ్మా, నిన్న నా నిర్వాకం చూశావుగా, సారుకి చెప్పి నన్ను తీసెయ్ అంది. తనకి సంపాదించే కొడుకులున్నారట, తిండికి లోటు లేదట. సైదాబీకి ఈ ఉద్యోగం తప్ప ఇంకో ఆధారం లేదట. దానికి మాత్రం చెప్పమాక, ఎగిరిపడుద్ది అంది.

గంట తిరక్కుండా సైదాబీ వచ్చింది. అదే తలుపు దగ్గరికేసింది. ఉగ్గు కావాలనే మాడబెట్టానమ్మా, నన్ను పంపెయ్యండి అంది. తను పొగాకు గ్రేడింగుకైనా పోతుందట. వీరమ్మ మాత్రం పిల్లలు లేకపోతే బతకలేదట. ఆదివారం సెలవైనా ఒకసారి ఈ షెడ్డు చుట్టూ తిరిగి పోతుందట.

ముందు నవ్వొచ్చింది. తర్వాత బియ్యం బస్తా మీద కూర్చుని ఏడ్చాను. వీళ్లలో ఒకర్ని ఏరమంటే నావల్ల కాదు.

19 ఫిబ్రవరి

ఆఫీసుకి వెళ్లి ఇద్దరూ కావాలండి అన్నాను. గురునాథం గారు నవ్వి, శుక్రవారం వచ్చి ఓ గంట కూర్చుంటా, ఇద్దరికి సరిపడా పని నా కళ్లకి కనిపిస్తే అప్పుడు చూద్దాం అన్నారు.

షెడ్డుకొచ్చి ఉన్నదంతా ఇద్దరి ముందూ పెట్టేశాను. ఇకమీదట కావాలని పని చెడగొడితే ముగ్గురం ఇంటికే అని వార్నింగిచ్చాను. దాంతో ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయింది. ఓసి దొంగదానా అని వీరమ్మ, నువ్వు కాదా అని సైదాబీ. ఆ కేకలు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

21 ఫిబ్రవరి, శుక్రవారం, సాయంత్రం 5

గురునాథం గారు బేరం మధ్యలోంచి నేరుగా వచ్చారు. పొద్దుట్నుంచీ బస్తాల్లో చెయ్యి పెట్టి, కాయ విరిచి, గింజ నలిపి చూస్తున్న మనిషి. సైదాబీ లేచి, చేతులివ్వండయ్యా అంది. నా షెడ్డులోకి రావడానికి నాకు కూడానా అని నవ్వి దాటేశారు. రూలండీ అన్నాను. వినలేదు. గట్టిగా అన్నాను. చెయ్యూపేశారు.

లోపల చాప మీద పసివాడు బుడే ఉన్నాడు. పళ్లింకా రాలేదు, నవ్వితే ఎవరైనా పడిపోవాల్సిందే. నవ్వాడు. గురునాథం గారు బుగ్గ గిల్లబోయారు. వీరమ్మ గద్దలా వచ్చి బిడ్డని లాగేసుకుని, ముట్టుకున్నావంటే ఊరుకోను అని అరిచింది. ఓనర్ని! ఆయనకి ముచ్చెమటలు పోశాయి. మొహం తుడుచుకున్నారు. ఆ చేత్తోనే.

ఇంక చూడాలి. అమ్మో నా కళ్లు అని షెడ్డంతా గంతులు. మళ్లీ కళ్లు నులుముకోబోతే సైదాబీ ఆయన చేతులు రెండూ పట్టేసి ఆముదం గిన్నెలో ముంచేసింది. వీరమ్మ బుడేని నాకందించి, ఆయన్ని చాప మీద పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుని, పాలలో తడిపిన గుడ్డ కళ్ల మీద వేసింది. అలవాటు కొద్దీ, ఊరుకో నాన్నా, అయిపోయింది అయిపోయింది అని జోకొట్టడం మొదలెట్టింది. పిల్లలంతా చుట్టూ చేరారు. ఇంత పెద్ద పిల్లాడు ఏడవడం వాళ్లెప్పుడూ చూళ్లేదు.

ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి. బుడేని చంకనేసుకుని ఆయన పక్కన చతికిలబడ్డాను. ఇప్పుడు చెప్పండి సార్, చేతులు పట్టుకున్న ఆమెని పంపెయ్యనా, కళ్లు తుడుస్తున్న ఆమెని పంపెయ్యనా అని అడిగాను.

ఇద్దర్నీ ఉంచమ్మా తల్లీ అన్నారు, కళ్లు తెరవకుండానే.

1 మార్చి, శనివారం

గురునాథం గారు వచ్చారు. పనేమీ లేదు. గడప దగ్గర తల్లుల వెనక లైన్లో నిలబడ్డారు. లోపలికొచ్చి ఎవర్నీ ఎత్తుకోలేదు. చాప మీద పడుకుని గుర్రు పెట్టారు. బుడే పాకుతూ వెళ్లి ఆయన పొట్ట మీద తల వాల్చాడు. వీరమ్మ ఇద్దరికీ కలిపి ఒక దుప్పటి కప్పింది.